వాటా కాగితము వెనుకనున్న వ్యాపారము

కొంగునాటి తెలుగు ఇండ్లలో పెద్దల కాలపు పెట్టె తెరచినచో రెండు విధములైన పత్రములు కనబడుట పరిపాటి. ఒకటి భూమి దస్తావేజులు. రెండవది నూలుమిల్లుల షేరు కాగితములు. విజయనగర కాలమునను, ఆ పిమ్మట నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన మన పూర్వులలో పెక్కుమంది ఇచ్చటి రేగడి నేలలలో ప్రత్తి పండించిరి. 1888లో కోయంబత్తూరున తొలి నూలుమిల్లు వెలసినది. 1910లో జి. కుప్పుస్వామినాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిరి. 1930వ దశకమున పైకారా జలవిద్యుత్తు రాగా మిల్లుల సంఖ్య వేగముగా పెరిగినది. ప్రత్తి అమ్మిన రైతు మిల్లుకు వాటాదారు ఆయెను. ఆ వాటాదారుని కొడుకు అదే మిల్లులో గుమాస్తాయో మేస్త్రీయో ఆయెను. ఈ విధముగా పొలము, కొలువు, పొదుపు మూడును ఒకే ప్రత్తికాయ నుండి పుట్టినవి.

ఇందు గర్వింపదగినది చాల కలదు. అయినను ఒక విచిత్రము మమ్ము చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది. ఎకరము కొబ్బరితోట కొనవలసివచ్చినప్పుడు మన పెద్దలు నేల త్రవ్వించి చూతురు. వేసవిలో బావినీరు ఏ మట్టమున నిలుచునో విచారింతురు. తోట తాకట్టులో నున్నదా, గట్టు తగాదా కలదా యని నలుగురిని అడుగుదురు. ఏటి ఫలసాయమునకు అడిగిన ధర ఎన్ని రెట్లగునో వ్రేళ్లమీద లెక్కింతురు. ఆ పెద్దలే షేరు కొనునప్పుడు “మిల్లు ఎవరిది?” అను ఒక్క ప్రశ్నతో తృప్తి చెందుదురు. మనవారిదని తెలిసినచో వేరు విచారణ లేదు. నేటి యువకులు ఆ ప్రశ్నను కూడ అడుగక, చేతిలోని ఫోనులో ధర పెరుగుచున్నదా తగ్గుచున్నదా యని మాత్రమే చూతురు. ఈ రెండు పద్ధతులలోను వ్యాపారమును చూచుట యనునది లేదు.

మా మూడిండ్లవారము కొన్ని సంవత్సరములుగా మరియొక దారిని నడచుటకు యత్నించుచున్నాము. దాని వివరము రాష్ట్రేతరాంధ్ర కుటుంబములకు ఉపయోగపడునను తలంపుతో ఈ సంచికలో విన్నవించుచున్నాము. ఫలానా షేరు కొనుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. తోటను చూచిన కన్నులతోనే కంపెనీని ఎట్లు చూడవలెనో చెప్పుటయే మా ఉద్దేశము.

ఈ దారి మేము కనిపెట్టినది కాదు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున బోధించిన బెంజమిన్ గ్రాహమ్ 1934లో డేవిడ్ డాడ్‌తో కలసి ‘సెక్యూరిటీ అనాలిసిస్’ అను గ్రంథమును, 1949లో సామాన్యుల కొరకు ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆయన బోధ యొక్క సారము మూడు మాటలలో చెప్పవచ్చును. షేరు అనగా నడచుచున్న ఒక వ్యాపారములో వాటా. బజారు ప్రతిదినము ఒక ధర చెప్పును గాని, ఆ ధరకు కొనవలెనని గాని అమ్మవలెనని గాని మనకు నిర్బంధము లేదు. మూడవది మిక్కిలి ముఖ్యము: మనము అంచనా వేసిన విలువకంటె చాల తక్కువ ధరకు లభించినప్పుడే కొనవలెను. బావి ముప్పది అడుగులైనచో చేంతాడు ముప్పది అడుగులకు సరిగా కత్తిరించువాడు లేడు. వేసవిలో నీరు దిగజారునని ఎరిగి పది అడుగులు ఎక్కువే ఉంచుదుము. విలువకును ధరకును నడుమ గ్రాహమ్ కోరిన ఎడము ఆ పది అడుగుల త్రాడు వంటిది.

ఇంతవరకు సులభము. కష్టమెచ్చటనగా, విలువను కొలుచు కోల అన్ని వ్యాపారములకు ఒకటి కాదు. పట్టును గజముతోను, పాలను శేరుతోను కొలిచినట్లు ఒక్కొక్క పరిశ్రమకు దాని కొలత దానికి కలదు. దీనిని మరచి, లాభమునకు ధర ఎన్ని రెట్లు అను ఒకే అంకెతో అన్నిటిని తూచుటవలన అనర్థములు కలుగుచున్నవి.

మనకు చిరపరిచితమైన నూలుమిల్లునే మొదట చూతము. నూలు ఖరీదులో సగమునకు పైగా ప్రత్తి ఖరీదే. కావున కదురుల సంఖ్య ఎంతయైనను, ప్రత్తిని ఏ నెలలో ఏ ధరకు కొని నిలువచేసిరను దానిపై ఆ సంవత్సరపు లాభము ఆధారపడును. 2022 మే నెలలో కండి ప్రత్తి, అనగా 356 కిలోలు, లక్ష రూపాయల ధర నందుకొన్నది. అంతకుముందే చౌకగా ప్రత్తి నిలువచేసికొన్న మిల్లులకు 2021–22 లెక్కలలో లాభములు పొంగి కనబడినవి. ఆ లాభముతో పోల్చి చూచినవారికి షేరు ధర కారుచౌకగా తోచినది. మరుసటి ఏడు ఆ పొంగు అణగినది. ఎత్తుపల్లములు గల ఇట్టి వ్యాపారమున ఒక్క యేటి లాభము చూచుట, మంచి వాన కురిసిన యేటి ఫలసాయమును చూచి తోట కొనుట వంటిది. ఎనిమిది పది సంవత్సరముల సగటు చూడవలెను; ఎండ కాచిన యేట అప్పు ఎట్లు తీర్చిరో చూడవలెను.

నేతపని, నూలుపని ఎరిగిన మనవారికి వారెన్ బఫెట్ కథ కంటె మంచి పాఠము లేదు. గ్రాహమ్ శిష్యుడైన ఈయన 1965లో మాసచూసెట్స్ రాష్ట్రపు బర్క్‌షైర్ హాథవే అను బట్టల మిల్లును చేజిక్కించుకొనెను. ఆస్తుల లెక్కతో చూడగా షేరు చౌకగానే ఉండెను. కాని కొత్త యంత్రము తెచ్చినపుడెల్ల పోటీదారులందరు అదే యంత్రమును తెచ్చిరి. మేలు బట్ట కొనువానికే పోయినది, మిల్లుకు దక్కలేదు. తుదకు 1985లో నేతపని ఆపివేసిరి. 1981లో ఒక్కొక్కటి 5,000 డాలర్లకు కొన్న మగ్గములను 50 డాలర్లకు కూడ అడిగిన నాథుడు లేక, 26 డాలర్ల చొప్పున పాత ఇనుముగా అమ్మిరి. సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్న యంత్రసామగ్రికి వేలములో వచ్చినది 1,63,122 డాలర్లు! లెక్కల పుస్తకములోని విలువ వేరు, బజారులో చేతికి వచ్చు విలువ వేరు అనుటకు ఇంతకంటె సాక్ష్యము ఏల?

అదే బఫెట్ 1972లో సీస్ క్యాండీస్ అను మిఠాయి కంపెనీని రెండున్నర కోట్ల డాలర్లకు కొనెను. అప్పటికి దాని పన్నుకు ముందటి లాభము 50 లక్షల డాలర్లకు లోపు. వ్యాపారమున నిలిచిన మూలధనము 80 లక్షలు. 2007 నాటికి లాభము 8 కోట్ల 20 లక్షలకు పెరిగినను, కావలసిన మూలధనము 4 కోట్లు మాత్రమే. పండుగ వచ్చినదనిన జనులు ఆ పెట్టెయే కావలెనని, కొంచెము ధర హెచ్చినను కొనిరి. మిఠాయికి రొక్కము వెంటనే చేతికి వచ్చును; మగ్గము వలె పదేండ్లకొకసారి మార్చవలసిన పనిలేదు. ఈ రెండు ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టినచో చౌకధర వేరు, మంచి కొనుగోలు వేరు అని తెలియగలదు.

ఈ భేదము మా యింటిలోనే ఒక పరీక్షగా వచ్చినది. మా మేనత్తగారికి భర్తవలన సంక్రమించిన షేర్లు ఒక నూలుమిల్లులో ఉండెను. ఆ మిల్లు పేరు ఇచ్చట అనవసరము. షేరు ధర నలుబది రూపాయలు. లెక్కల ప్రకారము పుస్తక విలువ నూట ముప్పది. “మూడోవంతుకు దొరకుచున్నది, అమ్మరాదు సరిగదా, ఇంకను కొనవలెను” అని బంధువులనిరి. మేము ఐదేండ్ల వార్షిక నివేదికలు తెప్పించి, ఇంటిల్లపాది కూర్చుండి చదివితిమి. లాభాంశము ఏటేటా తప్పక పంచిరి; కాని వ్యాపారమునుండి వచ్చిన రొక్కము వడ్డీకే చాలుటలేదు. బ్యాంకు అప్పు పెరుగుచుండెను. అనగా అప్పు తెచ్చి లాభాంశము పంచుచుండిరి. డైరెక్టర్ల బంధువుల సంస్థకు ఇచ్చిన బదులు మూడేండ్లుగా తిరిగి రాలేదు. యంత్రములకు తరుగుదల వ్రాయుచున్నను కొత్త యంత్రములు రాలేదు. మిల్లు స్థలము తాకట్టులో నుండెను.

ఇంత తెలిసిన తరువాత కూడ నిర్ణయము సులభము కాలేదు. ఆ మిల్లువారు మా యింటి పెండ్లిండ్లకు నిలబడినవారు, కష్టములలో ఆదుకొన్నవారు. షేర్లు అమ్మినచో వారిని నమ్మలేదనుమాట వచ్చునని పెద్దలు జంకిరి. పైగా మేనత్తగారి కుమారుడు ఆ మిల్లులోనే ఉద్యోగి. ఈ చివరి సంగతియే మాకు మిక్కిలి భయము కలిగించినది. జీతము అక్కడిదే, తల్లి పొదుపు అక్కడిదే, గ్రామమునందలి ప్రత్తి వెళ్లునదియు అక్కడికే. ఒకే వాసమునకు ఇంటిలోని ఉట్లన్నియు వ్రేలాడగట్టినట్లుండెను.

మేనత్తగారు అంతయు ఓపికగా విని, “నాయనా, మర్యాదకు నేను వారింటికి పోయి పలుకరింతును. మర్యాదకని నా కూడు వారివద్ద ఉంచనేల?” అనిరి. మూడింట రెండు వంతులు అమ్మించి, మిగిలినది భర్త జ్ఞాపకార్థము ఉంచుకొనిరి. కొన్ని సంవత్సరములకు మిల్లు మూతబడినది. స్థలము మంచి ధరకే అమ్ముడుపోయెను. కాని 2016 నాటి దివాలా చట్టపు వరుసలో విచారణ ఖర్చులు, ఆ తరువాత కార్మికుల బాకీలును తాకట్టు పట్టిన బ్యాంకుల బాకీలును, తక్కిన బాకీదారులు, చిట్టచివర మాత్రమే వాటాదారులు. ఆ చివరి పంక్తికి విస్తరి చేరునప్పటికి వంటశాల ఖాళీ. ఆమె కుమారుడు పని పోగొట్టుకొన్న ఆ రెండేండ్లు ఆ యింటి పొయ్యి మండినది అమ్మిన షేర్ల సొమ్ముతోనే.

దీనినిబట్టి మిల్లు స్థలమునకు విలువలేదని ఎంచరాదు. బొంబాయి లోయర్ పరేలులో 1905లో స్థాపితమైన ఫీనిక్స్ మిల్స్ అను కంపెనీ, నూలుపని విడిచి, తన స్థలమున అంగళ్ల సముదాయములు కట్టి అద్దెలతో వర్ధిల్లుచున్నది. ఆ మిల్లుపేటలలో పద్మశాలీలు మొదలుగాగల మన తెలుగు కార్మికులు వేలకొలదిగా శ్రమించిరి. 1982 జనవరిలో ఆరంభమైన మహాసమ్మెతో ఎన్నో మిల్లులకు అవసానకాలము వచ్చినది. భూమి విలువ ఎవరికి చేరును, ఎప్పుడు చేరును, దానిపై తాకట్టు ఎంత అను మూడు ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే ఆ విలువను మన లెక్కలో వేసికొనవలెను.

ఇక ఇతర పరిశ్రమలు. 1962లో కోయంబత్తూరున లక్ష్మీ మెషీన్ వర్క్స్ స్థాపితమైన నాటినుండి నూలుయంత్రముల నిర్మాణము మన ఊరి పరిశ్రమయే. యంత్ర నిర్మాతకు కొనువాడు బయానా ముందే ఇచ్చును. కాని మిల్లులకు కష్టకాలము వచ్చినచో మొదట ఆగునది యంత్రపు ఆర్డరే. కావున చేతనున్న ఆర్డర్లు, బయానా నిలువ చూడవలెను. అది మన సొమ్ము కాదు, తీర్చవలసిన మాట యని కూడ గుర్తుంచుకొనవలెను.

సిమెంటు బరువైన సరుకు, చౌకయైన సరుకు. దూరము మోసినచో కిరాయియే లాభమును మ్రింగును. సున్నపురాతి గని దగ్గర ఉండవలెను, కొనెడి పట్టణమును దగ్గర ఉండవలెను. పల్నాడు, నల్లగొండ సీమలలో రాయి సమృద్ధి గనుక కర్మాగారములును సమృద్ధి. అందుచే దక్షిణమున ధరకు పోటీ హెచ్చు. ఇచ్చట మేము చూచు కొలత: కంపెనీ మొత్తము ధరను అప్పుతో కలిపి, దాని టన్నుల సామర్థ్యముచే భాగించి, కొత్త కర్మాగారము కట్టుటకగు ఖర్చుతో పోల్చుట.

ఔషధ కంపెనీలో ఒక్క మందు వలన ఒక్క యేటికి వచ్చిన లాభమును శాశ్వతమని భ్రమించరాదు. 1984లో కె. అంజిరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థకు 2001లో అమెరికాయందు ఫ్లుయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మాత్రపై 180 దినముల ప్రత్యేక విక్రయపు హక్కు లభించినది. అది భారతీయ పరిశ్రమకు ఘనవిజయము. అయినను 180 దినములు 180 దినములే. ఆ పిమ్మట పోటీదారులు వత్తురు. ఆ లాభమును వేరుగా తీసియుంచి మిగిలిన వ్యాపారమును తూచుట వివేకము.

బ్యాంకును గురించి కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలయనగా మన కుటుంబములకు బ్యాంకు షేరుపై మక్కువ హెచ్చు. తక్కిన వ్యాపారములలో సరుకు ఇచ్చి రొక్కము తీసికొందురు. బ్యాంకు రొక్కము ఇచ్చి మాట తీసికొనును. నూరు రూపాయల అప్పుల వెనుక స్వంత మూలధనము పది రూపాయలే యనుకొనుడు. నూటికి పది రూపాయలు మునిగినచో వాటాదారుని సొమ్మంతయు హరించినట్లే. మరియు అప్పు ఇచ్చిన యేటనే వడ్డీ లాభముగా కనబడును. మునిగిన సంగతి ఎన్నో యేండ్లకు బయటపడును. 2015లో రిజర్వు బ్యాంకు అప్పుల నాణ్యతను స్వయముగా పరీక్షించి, దాచిన మొండిబాకీలను వెలికి తీయించెను; 2018 మార్చి నాటికి దేశమునందలి వాణిజ్య బ్యాంకుల మొండిబాకీలు మొత్తము అప్పులలో 11 శాతము దాటినవి.

తెలుగునేలనుండియే రెండు ఉదాహరణములు. 1994లో ఆరంభమైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు శీఘ్రముగా పెరిగి, 2004లో కూలి, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిసిపోయినది. డిపాజిట్లు దక్కినవి, వాటాదారులకు ఒక్క పైసా రాలేదు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మన జాతికి పెట్టని కోట వంటిది. అదియు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమై, వేయి షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు చొప్పున ఇచ్చిరి. పేరుపై మన అభిమానము ఆ నిష్పత్తిలో ఒక్క షేరును పెంచజాలలేదు.

సాఫ్టువేరు కంపెనీకి యంత్రములు లేవు, గనులు లేవు. సాయంత్రము ఇంటికి పోయెడి మనుష్యులే ఆస్తి. కావున వారు నిలుచుచున్నారా, కొద్దిమంది ఖాతాదారులపైననే ఆధారపడినదా యని చూడవలెను. సత్యం కంప్యూటర్స్ ఉదంతము అందరెరిగినదే. 2008 డిసెంబరు 16న తన నిలువధనముతో అధినేత కుటుంబీకుల రెండు కంపెనీలను కొనబూని, వాటాదారులు మండిపడగా కొద్ది గంటలలోనే విరమించుకొన్నది; 2009 జనవరి 7న లెక్కలలోని 5,040 కోట్ల రూపాయల నిలువ అసలు లేదని అధినేతయే ఒప్పుకొనెను. నిలువధనము ఎంత యనునది మొదటి ప్రశ్న. అంత ధనముండియు తగిన వడ్డీ ఏల రాదు, తగిన లాభాంశము ఏల పంచరు అనునది రెండవ ప్రశ్న. ఈ రెండవది అడుగుటకు గణకశాస్త్ర పాండిత్యము అక్కరలేదు.

మా యింటి పద్ధతి ఇది. వార్షిక నివేదికను చివరనుండి మొదటికి చదువుదుము. మొదట ఆడిటరు నివేదిక, పిమ్మట రొక్కపు రాకపోకలు, ఆ తరువాత అప్పులు, డైరెక్టర్ల బంధువులతో లావాదేవీలు. అధ్యక్షుల ఉపన్యాసము అన్నిటికంటె చివర. పిమ్మట పిల్లలలో ఒకరు ఒక పుట వ్రాయవలెను: ఈ కంపెనీ ఏమి అమ్మును? ఎవరికి అమ్మును? రొక్కము ఎప్పుడు చేతికి వచ్చును? ఎవరికి ఎంత బాకీ? ధర సగమైనచో మనము సంతోషించి ఇంకను కొందుమా, భయపడి అమ్ముదుమా? ఆ పుట తెలుగులోనే వ్రాయవలెనని నియమము. ఇండ్లలో తెలుగు మాటలాడుచు, బడిలో తమిళము, ఆంగ్లము మాత్రమే చదివిన మా పిల్లలకు లిపి పట్టుబడుటకు ఇది కూడ ఒక సాధనమైనది. తనకు తెలిసిన మాటలలో చెప్పలేని వ్యాపారము తనకు తెలియనిదే యని వారు త్వరగా గ్రహించిరి.

పాత పెట్టెలలో కాగితపు షేర్లున్నవారికి ఒక హెచ్చరిక. 2019 ఏప్రిల్ 1 నుండి నమోదైన కంపెనీలలో కాగితపు షేర్లను సాధారణముగా పరులకు బదిలీ చేయుటకు వీలులేదు. వారసత్వముగా తమ పేరు మార్చుకొని, ఎలక్ట్రానిక్ ఖాతాలోనికి చేర్చుకొనవలెను. ఏడేండ్లు వరుసగా లాభాంశము తీసికొననిచో ఆ షేర్లే కేంద్రప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి చేరును. తిరిగి కోరవచ్చును గాని శ్రమ హెచ్చు. నామినీ పేరు వ్రాయించుట నేడే చేయవలసిన పని.

మన సంఘములు ఉగాదికి కవిసమ్మేళనములు జరుపుచున్నవి. పిల్లలకు పద్యములు నేర్పుచున్నవి. ఏటికొక ఆదివారము ఒక కంపెనీ నివేదికను చేతబట్టి, స్త్రీలు, విశ్రాంత ఉద్యోగులు, యువకులు కలసి తెలుగున చదువుకొను గోష్ఠి జరిపినచో మేలని మా విన్నపము. పరభూమిని స్వభూమిగా చేసికొన్న మన జాతికి పరస్పర విశ్వాసమే మూలధనము. పెండ్లికి, కష్టమునకు, కరవునకు ఆ విశ్వాసము నిలుచుగాక. షేరు కొనుటకు మాత్రము విశ్వాసముతోపాటు లెక్క చూచుట నేర్తుము గాక.